రాజుగారికి జ్వరం వచ్చిన పాఠం

1 అక్టోబర్ 1976, శుక్రవారం. అజైబా క్యాంపు, ఒమాన్

ట్రంకు పెట్టె కదిలింది. తాళం ఎప్పుడూ గోడ వైపు ఉండేట్టు పెడతాను. ఈ రోజు స్నానం చేసి వచ్చేసరికి తలుపు వైపు ఉంది. రూములో నాతో కలిపి ముగ్గురమే. లచ్చన్న మా జగిత్యాల వైపు మేస్త్రీ, అక్షరం ముక్క రాదు, వాడికి నా కాగితాలతో పని లేదు. మిగిలింది నిసార్ అహ్మద్. కడప మనిషి, కంపెనీ వ్యాను డ్రైవరు, నోట్లో నువ్వుగింజ నానదు. అడిగితే చీపురు కోసం జరిపానన్నాడు. ఏడు నెలలుగా ఆ రూము ఊడ్చింది లచ్చన్న ఒక్కడే. నిసార్‌కు ఈ రోజే చీపురు మీద ప్రేమ పుట్టింది!

ఇకనుంచి రాసుకునేది పెట్టెలో కాదు, సైట్ హాజరు రిజిస్టరు చివరి పేజీల్లో. సైట్‌లో నా పని టైమ్ కీపర్, నా చేతిలో రిజిస్టరు ఉంటే ఎవరూ అడగరు.

8 అక్టోబర్, శుక్రవారం

యాకూబ్ పిలిపించాడు. యాకూబ్ అంటే మా కంపెనీ మందూబ్. మా పాస్‌పోర్టులు, వీసాలు, పోలీసు ముద్రలు అన్నీ ఆయన సొరుగులోనే. సెలవు రోజు మందూబ్ పిలిస్తే మంచి మాటకు కాదని క్యాంపులో అందరికీ తెలుసు. ఆయన ఆఫీసు మత్రా బజారులో. నిసార్ ఎలాగూ కూరగాయలకు అక్కడికే పోతున్నాడని వ్యానులో వెళ్ళాను.

ఆఫీసులో ఒక్కడే ఉన్నాడు. ముప్పై రెండేళ్ళుంటాయి. ఒమానీయే కానీ పుట్టింది జాంజిబార్‌లో, అక్కడ సుల్తానును దింపేసిన గొడవల తర్వాత వాళ్ళ కుటుంబం ఇక్కడికి తిరిగొచ్చింది. ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు. కుర్చీ చూపించి, "రాజలింగం, నువ్వు హిస్టరీ టీచరువి కదా?" అన్నాడు.

ఎవరు చెప్పారు? నేను ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. పాస్‌పోర్టులో వృత్తి దగ్గర చూశానన్నాడు. జూన్‌లో లండన్ వాళ్ళ పరీక్ష రాస్తాడట. అది పాసైతే ప్రభుత్వంలో మంచి ఉద్యోగమట. అందులో హిస్టరీ ఒక పేపరు: ఇంగ్లండ్ రాజులు, పార్లమెంటు, అంతర్యుద్ధం. జాంజిబార్ బళ్ళో చదివిన పుస్తకం దగ్గరుంది. చదివితే అర్థమవుతుందట, రాయడం చేతకావడం లేదట. ప్రతి శుక్రవారం సాయంత్రం చెప్పమన్నాడు.

ఫీజు మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఫిబ్రవరిలో నా వీసా ముగుస్తుంది. ఆ కాగితం కదలాలంటే ఆయన చెయ్యి కదలాలి. సరే అన్నాను.

కానీ ఇన్ని సబ్జెక్టులుండగా ఇదే ఎందుకు?

15 అక్టోబర్, శుక్రవారం

మొదటి పాఠం. జేమ్స్ రాజు. రాజు దేవుడికి తప్ప ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదని ఆయన నమ్మకం, పన్ను వేయాలంటే మమ్మల్ని అడగాల్సిందేనని సభ వాళ్ళ పట్టుదల. మొదలుపెట్టేదాకా భయం. మొదలుపెట్టాక ఆగలేదు. చేతిలో సుద్దముక్క లేకపోయినా వేళ్ళు గాలిలో రాస్తూనే ఉన్నాయి. గంటన్నర చెప్పాను. ఇన్ని నెలల తర్వాత నా గొంతు నేను విన్నాను. సిగ్గు లేకుండా రాసుకుంటున్నాను, చాలా సంతోషమేసింది.

చివర్లో యాకూబ్ అడిగాడు, రాజు తప్పు చేస్తే ఎవరు చెప్పాలి అని.

అది సిలబస్‌లో లేదన్నాను. ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

17 అక్టోబర్, ఆదివారం

కోరుట్ల బడి గుర్తొచ్చింది. పోయినేడు జులై, ఎమర్జెన్సీ పెట్టి నెల కాలేదు. తొమ్మిదో తరగతిలో ఇదే పాఠం. చార్లెస్ రాజు సభను మూసేసి పదకొండేళ్ళు ఒక్కడే ఏలాడు అన్నాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను. అంతే. మూడో రోజు పోలీసు స్టేషన్ బెంచీ మీద పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు. కొట్టలేదు, తిట్టలేదు. పంపించేటప్పుడు ఎస్సై, "పాఠాలు జర చూసుకొని చెప్పు సారూ, పేరు రాసిపెట్టుకున్నం" అన్నాడు. ఆ తర్వాత బడిలో ఎవరూ నా పక్కన కూర్చొని టీ తాగలేదు. నా భార్య సత్తవ్వ పుస్తెలతాడు తీసి చేతిలో పెట్టి, ఎక్కడికైనా పొమ్మంది.

ఇక్కడినుంచి తరిమేస్తే నేరుగా ఆ బెంచీ మీదికే.

22 అక్టోబర్, శుక్రవారం

జేమ్స్ కొడుకు చార్లెస్ రాజు సైనికుల్ని వెంటేసుకొని సభలోకి వచ్చి ఐదుగుర్ని పట్టుకోబోయిన ఘట్టం. వాళ్ళు ముందే పడవెక్కి పారిపోయారు. ఎక్కడున్నారని రాజు అడిగితే, సభ చెబితే తప్ప నాకు చూడటానికి కళ్ళు లేవు, చెప్పడానికి నోరు లేదు అని మోకాళ్ళ మీద కూర్చొని అన్నాడు స్పీకరు. ఈ మాట దగ్గర పిల్లలు ఎప్పుడూ చప్పట్లు కొట్టేవాళ్ళు. యాకూబ్ కొట్టలేదు. ఇంకోసారి చెప్పమని, మాట మాటా రాసుకున్నాడు. తర్వాత, ఈ యుద్ధానికి రాజు ఎంతవరకు బాధ్యుడు, మీరేమంటారు అన్నాడు.

నేనేమంటాను? నేనేమీ అనను. పాఠం రాసుకునేవాడు మధ్యమధ్య తలెత్తి పంతులి ముఖం చూస్తాడు. ఇతను తలెత్తకుండా రాస్తాడు, ప్రశ్న అడిగేటప్పుడు మాత్రం ముఖంలోకి చూస్తాడు. స్టేషన్‌లో రైటరు కూడా అంతే.

24 అక్టోబర్, ఆదివారం

సైట్ నుంచి వస్తుంటే నిసార్ వ్యాను నెమ్మది చేశాడు.

"సార్, ఒక మాట చెప్తా, నా పేరు బయటికి రాకూడదు. ఆ యాకూబ్ ఉండాడే, వాడు సీఐడీ అంట. పోయినేడు పాత క్యాంపులో ఇద్దర్ని విమానమెక్కించినాడంట. వాని కాడ మాటలు చూసుకొని మాట్లాడు."

నా అనుమానం నిజమైంది. దక్షిణాన కొండల్లో యుద్ధం అయిపోయిందని పోయిన డిసెంబర్‌లో ప్రకటించారు కానీ, అక్కడ ఈ దేశపు సుల్తాను మీద తిరగబడిన వాళ్ళ మనుషులు ఇంకా ఎక్కడెక్కడున్నారో అని వెతుకుతూనే ఉన్నారట. రాజుల మీద తిరుగుబాటు గురించి గంటలు గంటలు మాట్లాడే పరాయిదేశం పంతులు దొరికితే ఎవరు వదులుతారు?

రూముకొచ్చాక లచ్చన్నను అడిగాను. అన్నం కలుపుతూ, "ఆ ఇద్దరు కంట్రాక్టు దినాలు నిండి ఇంటికి పోయిండ్రు సారూ. నేనే ఎయిర్‌పోర్టు దాక సామాన్ మోసిన. యాకూబ్ సాబ్ ఇద్దరికి చాయ తాపిచ్చి పంపిండు" అన్నాడు.

లచ్చన్న అమాయకుడు. వాడికి లోకం తెలియదు.

29 అక్టోబర్, శుక్రవారం

తలనొప్పి అని కబురు పంపాను. వెళ్ళలేదు.

30 అక్టోబర్, శనివారం

యాకూబ్ తలనొప్పి బిళ్ళలు పంపాడు, నిసార్ చేతికిచ్చి. నిజంగా తలనొప్పా కాదా అని చూడ్డానికి. వేసుకోలేదు.

5 నవంబర్, శుక్రవారం

పాఠం తప్పించుకోలేకపోయాను. వారం రోజులుగా ఆలోచిస్తున్నదే జరిగింది. యుద్ధం అయిపోయింది, రాజు ఓడిపోయాడు, పట్టుబడ్డాడు. తర్వాతి పేజీలో విచారణ, ఆ తర్వాతి పేజీలో గొడ్డలి. యాకూబ్ పెన్ను పట్టుకొని కూర్చున్నాడు. కిటికీ తెరిచి ఉంది, కింద బజారులో జనం.

"ఆ తర్వాత రాజుగారికి జబ్బు చేసింది" అన్నాను.

పెన్ను ఆగింది.

"జ్వరం. చలికాలం కదా, జైలు గది తేమగా ఉండేది. జ్వరంతోనే పోయారు. ఆ తర్వాత సభ వైపు సేనాని క్రామ్‌వెల్ వచ్చాడు."

ఎనిమిదేళ్ళు చరిత్ర చెప్పినవాణ్ణి. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. యాకూబ్ చాలాసేపు నన్ను చూసి, జ్వరం అని రాసుకున్నాడు. రాసుకుంటుంటే చూశాను. థ్యాంక్యూ ఉస్తాద్ అని, తలుపు దాకా వచ్చి పంపాడు. ఉస్తాద్ అంటే ఇక్కడ పంతులు.

మంచి పని చేశాను. ఇప్పుడు నా మీద రాసుకోవడానికి వాడి దగ్గర ఏమీ లేదు.

12 నవంబర్, శుక్రవారం

తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు. పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. బొమ్మ కూడా ఉంది, వేదిక, ముసుగు మనిషి, చేతిలో గొడ్డలి.

"ఉస్తాద్, తల నరికారని ఇందులో ఉంది. చిన్నప్పటినుంచీ నాకు తెలుసు. మీరు జ్వరం అని ఎందుకన్నారు?"

ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుందన్నాను.

ఆయన పుస్తకం మూశాడు. తర్వాత, జాంజిబార్ గొడవల్లో తన తండ్రిని ఇంట్లోంచి తీసుకుపోయి చంపారని, తర్వాత ఇచ్చిన కాగితంలో జ్వరంతో మరణం అని రాసి ఉందని చెప్పాడు. ఆ కాగితం తల్లి ఇప్పటికీ దాచుకుందట. జ్వరం అని నేను అన్నప్పుడు పోయిన వారమంతా తనకు నిద్రపట్టలేదట. "ఎవరి తల నరికినా, ఏ వైపు వాళ్ళు నరికినా, నరికారనే రాయాలి ఉస్తాద్" అన్నాడు. అని వెంటనే, రాజును చంపడం న్యాయమేనా, మీ అభిప్రాయం చెప్పండి అన్నాడు. పెన్ను తీశాడు.

వాడి కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. నక్క వినయాలు ఎన్ని చూడలేదు! తండ్రి కథ చెప్పి గుండె కరిగించడం, కరిగినప్పుడు అభిప్రాయం అడగడం. మనిషన్నవాడు పడిపోతాడు. నేను కొంచెంలో తప్పించుకున్నాను. నిసార్ వ్యాను కింద ఎదురుచూస్తోందని చెప్పి బయటికొచ్చాను. అది అబద్ధం కాదు.

తలుపు ఎందుకు మూశాడు?

18 నవంబర్, గురువారం

జాతీయ దినం. సైట్‌కు సెలవు. మత్రా అంతా దీపాలు, జెండాలు. లచ్చన్న, నిసార్ చూడ్డానికి పోయారు. నేను మంచం మీదే.

ఆలోచిస్తే ఇదొక్కటే దారి. వాడు నా మీద ఏదైనా రాసేలోపు నేనే వెళ్ళి చెప్పాలి. ముందు చెప్పినవాడు సాక్షి, తర్వాత చెప్పినవాడు ముద్దాయి. స్టేషన్ బెంచీ మీద కూర్చొని నేర్చుకున్న ఒకే ఒక్క పాఠం ఇది.

20 నవంబర్, శనివారం

మేనేజరు దగ్గరికి వెళ్ళాను. ఇంగ్లీషు దొర. కుర్చీ వేసి, టీ తెప్పించాడు. జరిగింది చెప్పాను. రాజు తప్పు చేస్తే ఎవరు చెప్పాలని అడిగాడని, యుద్ధానికి రాజు ఎంతవరకు బాధ్యుడని అడిగాడని, తలుపు మూసి, రాజును చంపడం న్యాయమేనా అని నా అభిప్రాయం అడిగాడని. జాంజిబార్ మాట కూడా చెప్పాను. దొర ఒకచోట నవ్వి, చార్లెస్‌ది మా పాత గొడవే, మాకు చల్లారి మూడొందల ఏళ్ళయింది, ఇక్కడ ఇంకా వేడిగా ఉంది అన్నాడు. అని గుమాస్తాను పిలిచి టైపు చేయించాడు.

కాగితం ఇంగ్లీషులోనే ఉంది. రెండుసార్లు చదివాను. నేను చెప్పినవన్నీ ఉన్నాయి. తప్పు ఒక్కటీ లేదు. కానీ ఇవన్నీ పాఠం చెబుతుండగా జరిగాయన్న మాట ఎక్కడా లేదు. పరీక్ష అన్న మాట లేదు. ఒక్క వాక్యం చేర్చమని అడగొచ్చు. దొర పెన్ను మూత తీసి పట్టుకొని ఉన్నాడు. నీ వీసా సంగతి నేను చూస్తానన్నాడు.

సంతకం పెట్టాను.

21 నవంబర్, ఆదివారం

ఉన్నదే చెప్పాను.

22 నవంబర్, సోమవారం

ఉన్నదే చెప్పాను. లేనిది ఒక్క మాట చెప్పలేదు.

26 నవంబర్, శుక్రవారం

వంకాయలు కొనాలని నిసార్‌తో మత్రా వెళ్ళాను. ఆఫీసు మెట్లెక్కాను, ఊరికే. యాకూబ్ కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు. మంగళవారం జీపులో ఇద్దరొచ్చి యాకూబ్‌ను తీసుకుపోయారట. వ్యానులో కూర్చున్నాక నిసార్ తాళం తిప్పకుండా నావైపు తిరిగాడు. సీఐడీని సీఐడీలే పట్టుకుపోతారా సార్ అన్నాడు.

నేను గట్టిగా నిలదీశాను, వాడు సీఐడీ అని నీకెవరు చెప్పారని.

"ఎవరో అన్నారు సార్. క్యాంపులో ప్రతి ఒక్కర్నీ అంటాంటారు కదా. మొన్న నిన్ను కూడా అన్నారు."

3 డిసెంబర్, శుక్రవారం

బక్రీద్ సెలవులు. నిసార్ బిర్యానీ వండాడు. ముగ్గురం కూర్చొని తిన్నాం. తింటూ లచ్చన్న, యాకూబ్ సాబ్ ఇంట్ల పండుగ ఎట్లున్నదో అన్నాడు. చెయ్యి కడుక్కొని బయటికి పోయాను.

10 డిసెంబర్, శుక్రవారం

క్యాంపు గేటు దగ్గర ఎవరో ఆడమనిషి నా పేరు అడుగుతోందని వాచ్‌మన్ వచ్చాడు. యాకూబ్ అక్క సఫియా. కొత్తగా తెరిచిన ఆడపిల్లల బళ్ళో టీచరట. నన్ను చూసి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకోబోయి, ఆగి, వెనక్కి తీసుకుంది. ఉస్తాద్, మీరొక్కరే దిక్కు అంది.

సంచిలోంచి కాగితాలు తీసింది. లండన్ పరీక్ష పాత ప్రశ్నపత్రాలు, అచ్చువి, ఐదేళ్ళవి. కొన్ని ప్రశ్నలకు పెన్సిలుతో గుర్తులున్నాయి. అంతర్యుద్ధానికి చార్లెస్ ఎంతవరకు బాధ్యుడు? రాజు చేసే తప్పును సరిదిద్దే హక్కు పార్లమెంటుకు ఉందా? రాజుకు మరణశిక్ష న్యాయమేనా, మీ అభిప్రాయం రాయండి.

ఎనిమిదేళ్ళు ప్రశ్నపత్రాలు తయారుచేశాను. ఎంతవరకు బాధ్యుడు, మీ అభిప్రాయం రాయుము, ఐదు మార్కులు. ప్రతి మార్చిలో నా చేత్తోనే రాశాను. అదే ప్రశ్న ఒక విద్యార్థి నా ముఖంలోకి చూసి అడిగితే గుర్తుపట్టలేదు. అభిప్రాయం అడిగాడంటే వలపన్నాడనుకున్నాను. పంతులునా నేను?

సఫియా చెబుతూనే ఉంది. ఎవరో కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారట. ఎవరో తెలియదట. విచారణలో యాకూబ్ ఒకే మాట అంటున్నాడట. "మా టీచర్‌ను అడగండి, అవన్నీ పాఠంలోవేనని ఆయన చెబుతారు." వాళ్ళు అడగడం లేదట. అందుకే ఈవిడ వచ్చింది. నేను ఒక్క వాక్యం రాసి సంతకం పెడితే చాలు, తను తీసుకెళ్ళి ఇస్తుంది. తమ్ముణ్ణి వదిలేస్తారు.

ఇప్పుడే రాయమంది. మంచి కాగితం మీద, ఆలోచించి రాయాలి, వచ్చే శుక్రవారం ఇస్తానన్నాను. మీ మేలు మరచిపోను అని ఏడ్చింది.

11 డిసెంబర్, శనివారం

డ్యూటీ ఎక్కువ. రేపు రాస్తాను.

12 డిసెంబర్, ఆదివారం

మంచి కాగితం దొరకలేదు.

13 డిసెంబర్, సోమవారం

రాస్తే ఆ దొర పాత కాగితం తీస్తాడు. రెండిట్లో ఏది అబద్ధం అని అడుగుతాడు. ఏదీ అబద్ధం కాదే! అది ఎవరికి అర్థమవుతుంది?

14 డిసెంబర్, మంగళవారం

దొర పిలిచి పాస్‌పోర్టు ఇచ్చాడు. రెండేళ్ళ వీసా. ముద్ర ఇంకా తడిగా ఉంది. క్యాంపులో ఇంకెవరైనా అలాంటి మాటలు మాట్లాడతారా అని అడిగాడు. లేదన్నాను. వింటే చెప్పమన్నాడు. సరే అన్నాను. సరే అనక ఏమనను?

సత్తవ్వకు ఉత్తరం రాశాను, వీసా వచ్చిందని.

17 డిసెంబర్, శుక్రవారం

సఫియా పొద్దున్నే వచ్చింది. నేను ఓవర్‌టైముకు సైట్‌కు పోయానని చెప్పమని లచ్చన్నను పంపాను. వాడు కదల్లేదు.

"నువ్వు ఈడనే ఉన్నవ్ గద సారూ" అన్నాడు.

చెప్పమన్నాను. పోయాడు. కిటికీ సందులోంచి చూశాను. ఎండలో చాలాసేపు నిలబడింది. లచ్చన్న తన గొడుగు ఇచ్చి, పక్కనే నిలబడ్డాడు, ఆమె పోయేదాకా. రాత్రి తన చాప తీసుకొని బయట పడుకున్నాడు. ఇంత చలిలో.

19 డిసెంబర్, ఆదివారం

లచ్చన్న రూము మారిపోయాడు. నిసార్ నేను లోపలికి రాగానే పాటలు పెడుతున్నాడు, మాట్లాడే పని లేకుండా.

యాకూబ్‌కు చెప్పాల్సిన తర్వాతి పాఠం ఒకటి మిగిలిపోయింది. రాజు మరణశిక్ష కాగితం మీద యాభై తొమ్మిది మంది సంతకాలు పెట్టారు. పదకొండేళ్ళకు రాజు కొడుకు సింహాసనం ఎక్కి వాళ్ళను పట్టుకుంటే, ఇంగోల్డ్స్‌బీ అనే ఆయన, నాకేం తెలియదు, క్రామ్‌వెల్ నా చెయ్యి పట్టుకొని బలవంతంగా పెట్టించాడు అన్నాడు. క్షమించి వదిలేశారు. కానీ ఆ కాగితం ఇప్పటికీ ఉంది. ఇంగోల్డ్స్‌బీ సంతకం చాలా స్పష్టంగా, ఎక్కడా వణుకు లేకుండా ఉంటుందట. క్లాసులో ఇది చెప్పి పిల్లల్ని నవ్వించేవాణ్ణి.

నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. నా సంతకం కింద ఎప్పటిలాగే గీత గీసి, రెండు చుక్కలు పెట్టి, తేదీ కూడా వేశాను.

ఈ రోజు రాశాను. ఇదిగో:

యాకూబ్ నన్ను అడిగినవన్నీ పరీక్షలో వచ్చే ప్రశ్నలు. అవి నేను చెప్పిన పాఠంలోనివి. అతను ఏ తప్పూ చేయలేదు. తప్పు నాది. ఇది నా ఇష్టపూర్వకంగా రాసి సంతకం చేస్తున్నాను.

బి. రాజలింగం, హిస్టరీ టీచర్. 19-12-1976.

మంచి వాక్యాలు. ఒక్క కొట్టివేత కూడా లేదు. తెలుగులో రాశాను, హాజరు రిజిస్టరు చివరి పేజీలో. ఈ రిజిస్టరు చేరే ఆఫీసులో తెలుగు చదివేవాళ్ళెవరూ లేరు.